వెరిబీ గట్ల మీద వాదన

మెల్బోర్న్ నగరపు మురుగునీటిలో దాదాపు సగం వెరిబీ చేరుతుంది. 1897 నుంచీ ఇక్కడికి మురుగు వస్తూనే ఉంది. నగరానికి పడమట, సముద్రం ఒడ్డున, పది వేల హెక్టార్లకు పైగా పరుచుకున్న శుద్ధి కేంద్రం అది. మడుగులు, గట్లు, గడ్డి బీళ్లు, అవతల బురద మేటలు. పిట్టల్ని చూసేవాళ్లూ ఫోటోలు తీసేవాళ్లూ దేశం నలుమూలల నుంచీ ఇక్కడికి వస్తారు. మెల్బోర్న్ వాటర్ సంస్థ దగ్గర ముందుగా అనుమతి తీసుకుంటేనే గేటు దాటనిస్తారు. దగ్గర్లోనే ఉన్న టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ పేటల్లో ఏ వీధికెళ్లినా తెలుగు వినపడుతుంది గానీ, ఈ మడుగుల దగ్గర అరుదు. వాసనంటారు. నిజమే, వాసనే.

మా ఆవిడకు ఆ వాసన పట్టదు. సెలవు దొరికితే లెన్స్ సంచి భుజాన వేసుకుని ఇక్కడే ఉంటుంది. అక్టోబరులో ఆమె బాబాయి కైకలూరు నుంచి వచ్చారు. జువాలజీ లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి, కొల్లేటి పిట్టలన్నీ ఆయనకు చుట్టాలే. మెడలో పాత బైనాక్యులర్ ఎప్పుడూ వేలాడుతుంటుంది. కెమెరా ఈ జన్మలో కొనలేదు, కొననంటారు. ఈ ఇద్దర్నీ ఒకే కారులో కూర్చోబెట్టి గట్ల మీద నెమ్మదిగా తిప్పడం ఆ రోజు నాకు పడ్డ పని. ఇక్కడ కారే మాటు. తలుపు తీసి కాలు కింద పెడితే మడుగంతా లేచిపోతుంది. అందుకని వాదన మొత్తం అద్దాలు దించిన కారులోనే నడిచింది.

బాబాయి: ఇందాకటి చారల బాతుల్ని నువ్వు ఎంతసేపు చూశావే?

అమ్మాయి: అరగంట ఆగాం కదా బాబాయ్ అక్కడ.

బాబాయి: ఆగింది కారు. నేనడిగింది నువ్వు చూసిన సంగతి. కెమెరా కంటికి పెట్టావు, నొక్కావు, వెనక తెరలో చూసుకుని పెదవి విరిచావు, మళ్లీ నొక్కావు. అవి నీళ్లలో ముక్కు ముంచి గుండ్రంగా ఎందుకు తిరుగుతున్నాయో చెప్పగలవా?

అమ్మాయి: చెప్పగలను. ఒకదాని తోక దగ్గర ఇంకోటి తల పెట్టి తిరిగితే నీళ్లు సుడి తిరుగుతాయి. కింద ఉన్న సూక్ష్మజీవులు పైకి తేలతాయి. పలకలాంటి ఆ ముక్కుతో వాటిని వడగట్టుకుంటాయి. నా ఫోటోల్లో ఎప్పుడూ జంటలు జంటలుగానే, అదీ ఎదురెదురుగానే ఎందుకు పడుతున్నాయా అని వెతికితేనే ఇది తెలిసింది. పేరు పింక్ ఇయర్డ్ డక్. ఆ గులాబీ మచ్చ నీ బైనాక్యులర్‌లో కనిపించిందా?

బాబాయి: లేదు.

అమ్మాయి: ఇదిగో, పెద్దది చేసి చూపిస్తాను. కంటి వెనక, బియ్యపు గింజంత.

బాబాయి: బావుంది. ఇది కనిపించకపోతే బాతుకేం నష్టం, నాకేం నష్టం? నువ్వు ఇంటికి పట్టుకెళ్లేది మచ్చ. నేను పట్టుకెళ్లేది ఆ తిరుగుడు. అయినా ఫోటో నువ్వు తీశానంటావేమిటి? పిట్ట కన్ను ఎక్కడుందో కెమెరాయే వెతుక్కుంటోంది. సెకనుకు ఇరవై బొమ్మలు అదే తీస్తోంది. ఇందులో నీ వాటా ఎంత?

అమ్మాయి: పొద్దున అయిదింటికి లేపానని విసుక్కున్నావు కదా, ఎందుకు లేపానో అడిగావా? ఇవాళ పోటు ఎనిమిదిన్నరకి. పోటెక్కితే బురద మేటలు మునిగి, అక్కడ మేసే పిట్టలన్నీ ఈ మడుగుల్లోకి వచ్చి దిగుతాయి. దిగేటప్పుడు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి గాలి మన వీపు మీద ఉండాలి, ఎండా వీపు మీదే ఉండాలి. ఆ రెండూ కుదిరే గట్టు ఇదొక్కటే. ఇంకో గంట పోతే నేల వేడెక్కి ఆవిర్లు లేస్తాయి. ఆరువందల ఎం.ఎం. లెన్సు ఉన్నా పిట్ట అంచులు కరిగినట్టే వస్తాయి. ఇవేవీ కెమెరాకు తెలియవు.

బాబాయి: ఇది వేటగాడి విద్య. మా కొల్లేట్లో దొంగతనంగా వలలు కట్టేవాళ్లకీ గాలీ పొద్దూ బాగా తెలుసు.

అమ్మాయి: వేటే. నేనెప్పుడు కాదన్నాను? 1838లో జాన్ గూల్డ్, ఆయన భార్య ఎలిజబెత్ లండన్ నుంచి ఈ దేశం వచ్చారు. తర్వాత ఆయన ఏడు సంపుటాలు వేశాడు, ఆస్ట్రేలియా పక్షుల మీద. వాటిలో ఆవిడ గీసిన బొమ్మలు చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆ బొమ్మల కోసం పిట్టల్ని తుపాకీతో కొట్టి తెచ్చారు. అప్పుడు వేరే దారి లేదు. నాకుంది.

బాబాయి: తుపాకీ కన్నా నయం అనిపించుకోవడం పెద్ద గొప్పేమీ కాదే తల్లీ.

(ఈ మాటకు మా ఆవిడ దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నాకు మాత్రం ఆయన తప్పించుకున్నారనిపించింది. వేటను పూర్తిగా మానేసిన మనిషి బైనాక్యులర్ మాత్రం ఎందుకు కొంటాడు? చూసిన జాతులన్నిటికీ ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. కొత్త పిట్ట చేరినప్పుడు ఆయన మొహంలో వచ్చే వెలుగు నేను కైకలూరులో చూశాను.)

బాబాయి: మీ లైర్‌బర్డ్ పిట్ట కెమెరా చప్పుడు నేర్చుకుందని విన్నాను. మీ హడావుడి అడవి గొంతులోకే ఎక్కిపోయింది.

అమ్మాయి: ఆటెన్‌బరో 1998లో తీసిన సిరీస్ కదా? అందులో రంపాలూ కెమెరాలూ అనుకరించిన లైర్‌బర్డ్‌లు ఎక్కువగా మనుషుల దగ్గర పెరిగినవే. అడవిలో ఉన్నవి చాలావరకు తోటి పిట్టల కూతలే పాడతాయి. మళ్లీ ఎప్పుడైనా చలికాలంలో వస్తే షెర్‌బ్రూక్ అడవికి తీసుకెళ్తాను, నీ చెవులతో నువ్వే విందువుగాని. పైగా ఇప్పుడు నా షట్టర్‌కు చప్పుడే లేదు.

బాబాయి: చప్పుడు లేని మనిషి ఇంకా దగ్గరికి వెళ్తాడు.

అమ్మాయి: సరే, కలివికోడి సంగతి నువ్వే చెప్పు. నా చిన్నప్పుడు నిద్రపోయేదాకా చెప్పేవాడివి.

బాబాయి: కలివికోడికీ దీనికీ ఏమిటి సంబంధం? 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప అడవుల్లో మళ్లీ దొరికింది. సాలిం అలీ అంతటి మనిషి చూడ్డానికి పరుగున వచ్చాడు.

అమ్మాయి: దొరికిన పిట్ట ఏమైంది?

బాబాయి: చచ్చిపోయింది.

అమ్మాయి: రాత్రి టార్చి వెలుగులో చేత్తో పట్టుకున్నారు. పట్టుకోకపోతే నమ్మేవాళ్లు కాదు కాబట్టి. ఆ రాత్రి ఎవరి చేతిలోనైనా ఇలాంటి కెమెరా ఉంటే పిట్టకి పిట్టా బతికేది, రుజువుకి రుజువూ దొరికేది. అంతరించిందనుకున్న నైట్ పారట్ చిలక ఈ దేశంలో అలాగే బయటపడింది. 1990లో రోడ్డు పక్కన ఒకటి, 2006లో ఒకటి, రెండూ చచ్చినవే దొరికాయి. బతికున్న పిట్ట ఫోటో, వీడియో 2013లో వచ్చాయి, క్వీన్స్‌లాండ్ పడమటి ఎడారి నేలలో. తర్వాత అక్కడే యాభై ఆరు వేల హెక్టార్లు కొని పుల్లెన్ పుల్లెన్ అని రిజర్వు చేశారు.

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జవాబు వెతుక్కునేటప్పుడు ఆయన అలా చేస్తారు.

బాబాయి: ఆ చోటు ఎక్కడో అప్పుడే అందరికీ చెప్పారా?

అమ్మాయి: లేదు. దాచారు.

బాబాయి: ఎవరి నుంచి దాచారు?

అమ్మాయి: ...

బాబాయి: చెప్పు. పిల్లుల నుంచా, నక్కల నుంచా? వాటికి వార్తాపత్రికలు రావుగా.

అమ్మాయి: మా నుంచే. పిట్టల్ని చూసేవాళ్ల నుంచి కూడా, బాబాయ్. అందులో నువ్వూ ఉన్నావు.

ఇంతలో హారియర్ గద్ద ఒకటి గట్టు మీంచి తక్కువ ఎత్తులో వచ్చింది. మడుగు అంచున ఉన్న చిన్న పిట్టలన్నీ ఒక్కసారి లేచి, కడుపులు తెల్లగా మెరిపించి, మలుపు తిరిగి మళ్లీ దిగాయి. మా ఆవిడ గద్ద రాకముందే కెమెరా ఎత్తింది. బాబాయి కూడా ముందే బైనాక్యులర్ ఎత్తారు. ఇద్దరికీ ఒకే సంకేతం ఎక్కడో అందింది, నాకు అందలేదు.

బాబాయి: కర్లూ శాండ్‌పైపర్లు. మన కోరంగి బురదల్లోనూ దిగుతాయివి. సైబీరియా పైకొసన గుడ్లు పెట్టి, కొన్ని అటు మనవైపు, కొన్ని ఇటు. ఎంత దూరం చూడు.

అమ్మాయి: ఎడమ నుంచి మూడోదాని కాలు చూశావా? నారింజ రంగు పట్టీ. విక్టోరియా రాష్ట్రంలో కట్టేవి ఆ రంగువే. ఆ పట్టీ మీద అక్షరాలుంటాయి. పరుగెత్తే పిట్ట కాలి మీద గోరంత ప్లాస్టిక్ ముక్కను బైనాక్యులర్‌తో ఎవరూ చదవలేరు. ఫోటోలో చదువుతాను. వేడర్ స్టడీ గ్రూపుకు పంపితే ఎప్పుడు కట్టారో, తర్వాత ఎక్కడెక్కడ కనపడిందో తిరిగి రాస్తారు. పసుపు సముద్రం ఒడ్డున చైనాలోనో కొరియాలోనో ఎవరో ఫోటో తీస్తే, దారిలో ఏ బురద నేల మీద ఆగి కడుపు నింపుకుంటున్నాయో తెలుస్తుంది. ఆ నేలల్ని పూడ్చి రేవులు కట్టేస్తున్నారని గట్టిగా చెప్పగలిగింది ఇలాంటి లెక్కల వల్లే.

బాబాయి: ముందు వల వేసి పట్టుకుని, కాలికి కట్టి, ఆ తర్వాత కదా నీ ఫోటో.

అమ్మాయి: పట్టుకునేది ఒకసారి. రెండోసారి పట్టుకోవలసిన పని లేకుండా చేసేది ఫోటో.

బాబాయి: ఇది ఒప్పుకుంటాను. కానీ అమ్మాయ్, నీ హార్డ్ డిస్కులో ఉన్నవాటిలో ఇలా పనికొచ్చేవి ఎన్ని? నిన్న రాత్రి చూపించావుగా. నీలం రంగు ఫెయిరీ రెన్ మగపిట్ట, ఈ కొమ్మ మీద, ఆ కొమ్మ మీద, పసుపు పూరేకు నోట కరుచుకుని. దాని ఆడది గోధుమరంగు పాపం, రెండు ఫోటోల్లో ఉంది, అదీ మగదాని వెనక మసకగా. మీరు పెట్టింది అందాల పోటీ. వన్నె లేని థార్న్‌బిల్ పిట్టను ఎవరు తీస్తారు?

అమ్మాయి: పూరేకు కరుచుకున్న ఫోటో అందం కోసమే తీశాను. తర్వాత తెలిసింది, ఆ రేకు తన ఆడదానికి కాదట. పక్క కాపురంలో ఉన్నదానికి చూపించడానికట.

బాబాయి: (నవ్వి) అది నాకూ తెలియదు.

అమ్మాయి: అందాల పోటీ అన్నావు కాబట్టి మాటింగ్లీ కథ వినాల్సిందే. బండి ఆపండీ.

(ఆపాను. ఈ కథ నేను చాలాసార్లు విన్నాను. అయినా వినొచ్చు.)

అమ్మాయి: ఆర్థర్ మాటింగ్లీ అని మెల్బోర్న్ మనిషి. 1906లో ముర్రే నదికి అవతల, మథౌరా దగ్గర వరద నీళ్లలో నిలబడ్డ రెడ్ గమ్ చెట్ల మీద తెల్లకొంగలు గూళ్లు పెడితే ఫోటోలు తీశాడు. ఆ బరువు కెమెరా, గాజు పలకలు మోసుకుంటూ చెట్లెక్కి తీశాడు. పిల్లలు పెరిగాక ఇంకోసారి తీద్దామని కొన్ని వారాలకు తిరిగెళ్తే, ఈకల వేటగాళ్లు ముందే వచ్చిపోయారు. గుడ్లు పెట్టే రోజుల్లోనే కొంగ వీపు మీద ఆ కుచ్చు ఈకలు వస్తాయి కదా, లండన్ దొరసానుల టోపీల కోసం తల్లుల్నీ తండ్రుల్నీ అప్పుడే కాల్చేవారు. గూళ్లలో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఆకలితో చస్తున్నాయి. వాటినీ తీశాడు. 1907లో ఎమూ పత్రికలో వచ్చాయి. అవి లండన్ చేరాయి. 1911లో అక్కడి పక్షి సంరక్షణ సంఘం వాళ్లు ఆ ఫోటోల్ని పెద్దవి చేసి అట్టలకు అంటించి, కూలీల మెళ్లో వేలాడదీసి టోపీల దుకాణాల వీధుల్లో తిప్పారు. 1921లో ఈకల దిగుమతి నిషేధిస్తూ బ్రిటన్ చట్టం చేసింది. ఒక్క ఫోటో వల్లే అననులే, ఎందరో ఏళ్ల తరబడి పోరాడారు. కానీ తల్లి లేని గూడును జనం చూసింది మాత్రం ఆ ఫోటోలోనే.

బాబాయి: గొప్ప కథ. ఇప్పుడు నాది విను. నీ అలమారలో పుస్తకమే, రాత్రి నిద్ర పట్టక చదివాను. పారడైజ్ పారట్.

అమ్మాయి: అది చెప్తావని అనుకుంటూనే ఉన్నాను.

బాబాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలి పచ్చ కలగలిసిన చిలక. చెదల పుట్టలో బొరియ తవ్వి గుడ్లు పెట్టేది. అంతరించిందనుకున్నారు. 1922లో క్వీన్స్‌లాండ్‌లో సిరిల్ జెరార్డ్ అనే రైతు పుట్ట దగ్గర మాటు కట్టి, జంటను ఫోటో తీశాడు. బతికున్న పారడైజ్ పారట్‌ను తీసిన ఫోటోలు ప్రపంచం మొత్తం మీద అవే. ఆ గుడ్లు పిల్లలు కాలేదు. 1927 తర్వాత ఆ చిలకను చూసినట్టు గట్టి రుజువు లేదు. అన్ని రంగుల పిట్ట, మనకు మిగిలింది నలుపు తెలుపులో. ఫోటో ఉంది, పిట్ట లేదు. ఇప్పుడు చెప్పు.

అమ్మాయి: ఫోటో తీసినందుకు పోలేదు బాబాయ్ అది. పశువులు గడ్డి మేసేశాయి, కరువొచ్చింది, గింజలు లేవు.

బాబాయి: ఫోటో వల్ల పోయిందనడం లేదు. ఫోటో వల్ల ఆగలేదంటున్నాను. అదే క్వీన్స్‌లాండ్‌లో బ్లాక్ థ్రోటెడ్ ఫించ్. 2019లో మీరంతా ఓట్లేసి ఆ ఏడాది పక్షిగా గెలిపించారు. ఎంతమంది దాన్ని కళ్లారా చూసుంటారు? ఫోటో చూసే వేశారు. అది గెలిచింది. దాని నేల మీద మన అదానీ వాళ్ల కార్మైకేల్ బొగ్గు గనీ గెలిచింది. రెండేళ్లకు బొగ్గు ఓడెక్కింది.

అమ్మాయి: ఓటు వేయకపోయుంటే గని ఆగేదా?

బాబాయి: ఆగేది కాదు. అందుకే అడుగుతున్నాను. మాటింగ్లీ పేరు చెప్పుకుని ప్రతివాడూ తన వారాంతపు సరదాకి పుణ్యం అంటగట్టుకోకూడదు. సరదా అని చెప్పు, నేను నోరెత్తను.

అమ్మాయి: సరదాయే. వారమంతా ల్యాబులో నెత్తురు నమూనాలు చూసే మనిషికి శనివారం పొద్దున ఇక్కడ కాస్త ఊపిరాడుతుంది. ఆ సరదా లేకపోతే ఆ కాలి పట్టీ చదవడానికి ఏ జీతం ఇచ్చి ఎవర్ని ఇక్కడ కూర్చోబెడతారు? నువ్వు మాత్రం అటపాకలో గూడబాతుల్ని పుణ్యానికి లెక్కపెట్టావా?

(ఇది సరైన దెబ్బ. ఆయనా నవ్వేశారు. వాదన ఇక్కడ అయిపోయిందనుకుని నేను బండి స్టార్ట్ చేశాను. అప్పుడు ఆమె ఫోను మోగింది.)

ఫోటోలు తీసే స్నేహితుల వాట్సాప్ గ్రూపు. ఎవరో లొకేషన్ పిన్ పెట్టారు. దగ్గర్లో ఒక పార్కు, నడక దారి పక్కనే చెట్టు, తక్కువ ఎత్తులో టానీ ఫ్రాగ్‌మౌత్ గూడు, మగది కింద రెండు పిల్లలు. ఆ మెసేజి కింద అప్పటికే వరసగా బొటనవేళ్లు.

అమ్మాయి: ఇంటికెళ్లే దారిలోనే.

బాబాయి: వద్దు.

అమ్మాయి: ముప్పై మీటర్ల నుంచి తీస్తాను. రోజూ కుక్కల్ని తిప్పేవాళ్లు దాని కిందే పోతుంటారు. వాటికి అలవాటే.

బాబాయి: నడిచిపోయేవాడు నడిచిపోతాడు. మీరు ఆగుతారు. పైకి చూస్తారు. నువ్వు ముప్పై మీటర్లలో ఆగుతావు, నీ తర్వాతివాడు పది, ఆ తర్వాతివాడు అడ్డొచ్చిన రెమ్మ విరుస్తాడు. ఆ రెమ్మ పోయాక గూడు పిల్లల్ని ఎత్తుకుపోయే కర్రవాంగ్‌కి కనిపిస్తుంది, రావెన్‌కి కనిపిస్తుంది.

అమ్మాయి: నేను రెమ్మలు విరిచేదాన్నా?

బాబాయి: నిన్నన్లేదు. ఒక్క సంగతి చెప్పు. ఫ్రాగ్‌మౌత్ ఫోటోల్లో నీకు బాగా ఇష్టమైంది ఏది? గోడకు పెట్టుకున్నది.

అమ్మాయి: ఎండుకొమ్మలా నిటారుగా సాగి, కళ్లు సన్నగా మూసుకున్నది.

బాబాయి: నిద్రపోతున్నప్పుడు అలా ఉండదే. ఈకలు వదులుగా వదిలేసి ముద్దగా కూర్చుంటుంది. నిటారుగా సాగిందంటే ఎవరో వచ్చారని భయపడింది. ఆ సన్నటి కంటి చీలికలోంచి నిన్ను చూస్తోంది. అదీ నీ పుస్తకంలోనే ఉంది.

ఆమె కాసేపు ఏమీ అనలేదు. లెన్స్ మూత తిప్పి బిగించింది. ఓడినట్టు నాకేమీ కనిపించలేదు, లెక్క వేసుకుంటున్నట్టు ఉంది.

అమ్మాయి: గూడు మాటింగ్లీ కూడా ఎక్కాడు.

బాబాయి: ఎక్కాడు. ఒక్కడే ఎక్కాడు. ఆయన వెనక వాట్సాప్ లేదు.

అమ్మాయి: పక్షి సంఘాల నియమాల్లో గూళ్ల దగ్గర తీయవద్దనే ఉందిలే. నియమం ఉందని కాదు గానీ... సరే, పిన్ తీసేయమని రాస్తాను. కోప్పడతారు.

బాబాయి: పడనీ.

అమ్మాయి: కానీ పిల్లలు ఎగిరాక వెళ్తాను బాబాయ్. అది మాత్రం మానను. గూడు దిగాక కూడా కొన్నాళ్లు అమ్మానాన్నల పక్కనే కూర్చుంటాయి. నాలుగూ ఒకే కొమ్మ మీద దొరుకుతాయి.

బాబాయి: నిటారుగా సాగితే?

అమ్మాయి: వెనక్కి జరుగుతాను, మళ్లీ ముద్దగా అయ్యేదాకా. అక్కడి నుంచి తీస్తాను.

బాబాయి: అంత దూరం నుంచి ఏం పడుతుంది?

అమ్మాయి: చెట్టు పడుతుంది. అందులో నాలుగు పిట్టలున్నాయని నీకు చెప్పి వెతకమంటాను.

బాబాయి: నేను పద్దెనిమిదో తారీఖున వెళ్లిపోతున్నాను. ఈలోగా ఎగురుతాయా?

అమ్మాయి: ఎగరకపోతే వాట్సాప్‌లో పంపుతాను.

బాబాయి: పంపు. పార్కు పేరు రాయకు.